రజతోత్సవ సంచికలో పై వరుస ఏమైంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు 20 నిమిషాలు ఇచ్చారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్లకే వదిలేస్తాను. కంప్యూటరు చెప్పింది ప్రింటరుకు ఎలా అర్థమవుతుంది, ఎక్కడ అపార్థమవుతుంది అన్నదే దాదాపు 30 ఏళ్లుగా నా ఉద్యోగం. ఈ రెండు నెలల్లో ఆ ఉద్యోగం మన బడి పనికి అక్కరకొచ్చింది. ఆ సంగతే చెబుతాను.

25 ఏళ్ల కిందట మన సంఘం వేసిన రజతోత్సవ సంచిక మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు దాని పూర్తి ప్రతి ఒక్కటీ లేదు. లైబ్రరీ బీరువాలో ఉన్నదాన్ని చెదలు తినేశాయి. వెనక అట్ట, చివరి ప్రకటనలు నాలుగు మిగిలాయి. ఇళ్లలో వెతకమని అందరికీ కబురు పెట్టాం. ఇద్దరి దగ్గర దొరికింది. కానీ వాళ్లు తమ వ్యాసం కత్తిరించి ఆల్బంలో అంటించుకుని, మిగతా పుస్తకం ఎవరికో ఇచ్చేశారట! స్వర్ణోత్సవ సంచికకు అనుబంధంగా ఆ పాత సంచికను మళ్లీ వెయ్యాలని కమిటీ నిర్ణయించింది. అదృష్టం కొద్దీ అప్పట్లో డీటీపీ చేసినవారి దగ్గర ఒక సీడీ దొరికింది. అందులో 88 ఫైళ్లు, ఒక్కో పేజీకి ఒక్కో ఫైలు. అట్ట, విషయసూచిక వేరేచోట రంగుల్లో చేయించారు కాబట్టి అవి ఇందులో లేవు.

అన్నీ పోస్ట్‌స్క్రిప్ట్ ఫైళ్లు. మన కుర్రవాళ్లు వాటిని పీడీఎఫ్‌గా మార్చారు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కానీ 61 వ్యాసాల పేజీల్లో రచయిత పేరు ఎక్కడా లేదు. అలా ఉండడానికి వీల్లేదు. ఆల్బంలో దాచుకున్న ముక్కల మీద అన్నిటికంటే పైన ఒక వరుసలో పేరు, పదో తరగతి చదివిన సంవత్సరం స్పష్టంగా అచ్చయి ఉన్నాయి. ఆ వరుస ఏమైనట్టు?

ఆ సంచికలో రాసిన మాస్టార్లలో కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. ‘శైలిని బట్టి పోల్చుకుని పేర్లు మళ్లీ టైపు చేయిద్దాం’ అని ఒక ప్రతిపాదన వచ్చింది. సదుద్దేశంతో అన్న మాటే. కానీ పోయినవారి రాతకు మనం ఊహించి పేరు పెడితే, పొరపాటు జరిగినా దిద్దడానికి వారు రారు. ఫైళ్లు నాకు పంపమని, అంతవరకూ ఎవరి పేరూ టైపు చేయవద్దని అడిగాను.

పోస్ట్‌స్క్రిప్ట్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. అది ఫొటోలాంటిది కాదు, ఒక భాష. ‘ఇక్కడికి వెళ్లు, ఈ గీత గియ్యి, ఈ అక్షరం ఇంత పరిమాణంలో పెట్టు’ అంటూ ప్రింటరుకు వరుసగా చెప్పే ఆదేశాల చిట్టా. 1982లో అమెరికాలో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అడోబీ అనే సంస్థ పెట్టి, 1984లో ఈ భాషను బయటికి తెచ్చారు. 1985లో ఆపిల్ వారి లేజర్‌రైటర్ ప్రింటరులో ఇది వచ్చాక డీటీపీ అనే మాటే పుట్టుకొచ్చింది. మన ఊళ్లలో కంపోజింగ్ కేసుల ముందు నిలబడి సీసపు అక్షరాలు ఏరే పని తరువాతి పదేళ్లలో కనుమరుగైపోవడానికి మూలం అదే. లెక్కల మాస్టార్ల కోసం ఒక మాట: ఈ వార్నాక్ తొమ్మిదో తరగతిలో లెక్కలు తప్పాడు. ఆ తరువాత ఉటా విశ్వవిద్యాలయంలో ఆ లెక్కల్లోనే పట్టా పుచ్చుకున్నాడు. కాబట్టి తొమ్మిదో తరగతి మార్కులు చూసి ఎవరినీ తీసిపారేయకండి.

ఈ భాషకు కాగితం ఎలా కనిపిస్తుందో మీకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. గ్రాఫు కాగితం మీద ఎడమవైపు కింది మూల సున్నా పెట్టి, కుడికి ఎక్స్, పైకి వై అని గీతలు గీసిన చేతులే ఇవన్నీ. పోస్ట్‌స్క్రిప్ట్‌కూ సున్నా సరిగ్గా అక్కడే, కింద ఎడమ మూలన. ఒక్కో గడి అంగుళంలో 72వ వంతు. దాన్ని పాయింట్ అంటారు. ఈ సున్నా కింద ఉందన్న సంగతి గుర్తుపెట్టుకోండి. మన పేర్లు పోవడం, మళ్లీ దొరకడం రెండూ దానివల్లే.

ఇక కాగితం. మన చిన్నప్పుడు పరీక్షలకు ఇచ్చిన తెల్ల ఠావులు ఫుల్‌స్కేప్‌వి, 13 అంగుళాలకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు ఆఫీసుల్లో, బడుల్లో ఎక్కడ చూసినా ఏ4. దీని వెనక ముచ్చటైన లెక్క ఉంది. పొడవును వెడల్పుతో భాగిస్తే రెండు వర్గమూలం వచ్చేలా కాగితం కోస్తే, దాన్ని అడ్డంగా సగానికి మడిచినా అదే నిష్పత్తి నిలుస్తుంది. జర్మనీలో లిష్టెన్‌బెర్గ్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు 1786లోనే ఒక ఉత్తరంలో ఈ మాట రాశాడు. 1922లో వాల్టర్ పోర్స్ట్‌మన్ చేసిన కృషితో అక్కడ అది ప్రమాణమైంది, 1975లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని నాలుగుసార్లు మడిస్తే ఏ4: 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. పాయింట్లలో సుమారు 595, 842.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు అమెరికా, కెనడా లెటర్ అనే కాగితం వాడతాయి. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. పాయింట్లలో 612, 792. అంటే లెటర్ కాగితం ఏ4 కంటే 17 పాయింట్లు వెడల్పు ఎక్కువ, 50 పాయింట్లు పొడవు తక్కువ. 50 పాయింట్లంటే పదిహేడున్నర మిల్లీమీటర్లు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అదే ప్రమాదం. మరీ తేడాగా ఉంటే మొదటి పేజీకే అనుమానం వచ్చేది.

ఇప్పుడు మన ఫైళ్ల దగ్గరికి వద్దాం. పేజీ సైజు తప్పిందనే ఫిర్యాదు వస్తే చాలామంది మొదట బొమ్మను సాగదీయడమో కుదించడమో చేస్తారు. నేను మొదట పేజీ అంచులు చూస్తాను. మన పీడీఎఫ్‌లలో ఒకదానిలో పై అంచుకు అంటుకుని నల్లటి చుక్కలు మూడు కనిపించాయి. అంతకుముందు చూసినవాళ్లు దుమ్ము అనుకున్నారట. సీడీలోంచి వచ్చిన ఫైలుకు దుమ్మెక్కడిది? పదింతలు పెద్దది చేసి చూస్తే అవి వొత్తుల తోకలు. మన తెలుగు అక్షరానికి వొత్తు కింద వేలాడుతుంది కదా, వరుస మొత్తం కోతకు పోయినా వొత్తుల చివరలు మాత్రం గీతకు ఇవతల మిగిలాయి. ఇంగ్లీషు పుస్తకమై ఉంటే అంత ఆనవాలు దొరికేది కాదేమో! దాంతో ఒక్క విషయం తేలిపోయింది. పేర్లు ఫైల్లో ఉన్నాయి. వాటిని గీస్తున్న చోట కాగితం చాలడం లేదు, అంతే.

రూఢి చేసుకోవడానికి చాలా తేలిక ఉపాయం ఉంది. సున్నా కింది ఎడమ మూలన ఉంది కాబట్టి, పెద్ద కాగితం ఇస్తే పాత బొమ్మ కదలదు. పైన, కుడిపక్కన మాత్రం చోటు పెరుగుతుంది. అదే ఫైలును ఏ3 కాగితం మీద గీయించాను. పేరు, సంవత్సరం బ్యాచ్‌తో సహా కనిపించాయి. సిరా ఎంతమేర పడిందో కొలిచి అంకెల్లో చెప్పే సౌకర్యం కూడా ఉంది. దాన్ని అడిగితే పైన 812 పాయింట్ల దగ్గర ఆగిందని చెప్పింది. 812 ఏ4లో హాయిగా ఇముడుతుంది. 792 దగ్గర తెగే లెటర్‌లో ఇమడదు. పీడీఎఫ్ పేజీ కొలతలు అడిగితే అనుకున్నట్టే 612, 792 అని వచ్చింది.

ఇక్కడ మన కుర్రవాళ్లు ఒక మంచి ప్రశ్న వేశారు. ‘అంకుల్, ఫైలు మొదట్లోనే ఏ4 అని స్పష్టంగా రాసి ఉంది. 595, 842 అంకెలు కూడా ఉన్నాయి. అయినా లెటర్ ఎలా వచ్చింది?’ పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చదవచ్చు. వాళ్లు తెరిచి చూశారు, అందుకు మెచ్చుకోవాలి. వాళ్లు చూసిన వరుసల ముందు శాతం గుర్తు ఉంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్‌లో శాతం గుర్తుతో మొదలైన వరుస ఆదేశం కాదు, వ్యాఖ్య. గీసే ప్రోగ్రాం దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది. నోటుపుస్తకం అట్ట మీద అంటించిన చీటీ లాంటిదది. చీటీ మీద లెక్కలు అని ఉన్నా లోపల సాంఘిక శాస్త్రం రాసి ఉండొచ్చు. ఆ వ్యాఖ్యలు పనికిరానివని కాదు. పేజీలను వరుస మార్చే ప్రోగ్రాములు, తెర మీద చూపించే ప్రోగ్రాములు వాటిని చదువుకుంటాయి. అందువల్లే తెర మీద బాగా కనిపించిన ఫైలు పీడీఎఫ్‌గా మారేసరికి తెగిపోవడం కూడా జరుగుతుంది. ఒకరు చీటీ చదివారు, ఇంకొకరు చదవలేదు.

నిజంగా కాగితం అడిగే ఆదేశం వేరే ఉంది. దాన్ని సెట్‌పేజ్‌డివైస్ అంటారు. 1990ల మొదట్లో స్థిరపడిన లెవెల్ 2 పోస్ట్‌స్క్రిప్ట్‌తో వచ్చింది. అంతకుముందు ఒక్కో ప్రింటరుకు ఒక్కో పద్ధతి, తలకొక మాట. ఫైలులో ఈ మాట కోసం వెతకండి. దాని పక్కన పేజ్‌సైజ్ అని, రెండు అంకెలు కనిపిస్తే ఫైలు ఆ కాగితం అడుగుతోందని అర్థం. అక్కడా ఒక చిక్కుంది. చాలా విండోస్ డ్రైవర్లు ఈ ఆదేశాన్ని ‘కుదిరితే చెయ్యి, కుదరకపోతే కిమ్మనకుండా ముందుకు సాగు’ అనే కవచంలో పెట్టి రాసేవి. ఆ కాగితం లేని ప్రింటరు దగ్గర పని ఆగిపోకూడదని అలా చేశారు. మంచికే చేశారు. కానీ అడిగింది దొరకలేదన్న కబురు కూడా ఎవరికీ చేరదు.

మన 61 ఫైళ్లలో ఈ ఆదేశం అసలు లేదు. అప్పట్లో చిన్న పట్టణాల డీటీపీ కేంద్రాల్లో పేజీని ట్రేసింగ్ కాగితం మీద లేజర్ ప్రింటు తీసి, దాన్నుంచి ప్లేటు చేసేవారు. ట్రేలో ఏ4 ట్రేసింగ్ కాగితం, ప్రింటరు బోర్డు మీద ఏ4 అని ఒకసారి పెట్టి ఉంచితే, ఇక ఫైలు అడగాల్సిన అవసరమేముంది? ఇంట్లో ఉప్పు ఎక్కడుందో అమ్మకు తెలుసు, సీసా మీద పేరు రాయదు. అక్కడ 25 ఏళ్ల కిందట అంతా సవ్యంగానే జరిగింది. ఆ వంటింటి బయటికి వచ్చాకే చిక్కు.

బయటికి వచ్చిన ఫైలును ఇప్పుడు గీస్తున్నది గోస్ట్‌స్క్రిప్ట్. ఎల్. పీటర్ డాయిష్ అనే ఆయన 1988లో మొదట విడుదల చేసిన ప్రోగ్రాం ఇది. పోస్ట్‌స్క్రిప్ట్‌ను పీడీఎఫ్‌గా మార్చే ఉచిత పరికరాల్లో చాలావాటి లోపల ఉన్నది ఇదే, పైకి పేరు కనిపించకపోయినా. అమెరికాలో పుట్టిన బిడ్డ కనుక, ఫైలు ఏ కాగితమూ అడగకపోతే, మనమూ ఏమీ చెప్పకపోతే లెటర్ తీసుకుంటుంది. కాబట్టి మన 61 పేజీలకు మందు ఒక్క మాట. పీడీఎఫ్ చేసేటప్పుడే పేపర్‌సైజ్ ఏ4 అని చెప్పడం. చెప్పాను, వచ్చేశాయి. ప్రతిసారీ చెప్పడం ఎందుకని గోస్ట్‌స్క్రిప్ట్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులో ఒక వరుస మార్చి ఏ4ను స్థిరం చేసుకోవచ్చు. డెబియన్ లాంటి లినక్స్‌లలో అయితే మొత్తం కంప్యూటరుకే ఇష్టమైన కాగితం రాసి ఉంచే చిన్న ఫైలు ఉంటుంది. నేనైతే ప్రతిసారీ చెప్పడమే మేలంటాను. రేపు ఆ పని ఇంకొకరి కంప్యూటరులో చేయాల్సి వస్తే, అక్కడ ఏముందో మనకు తెలియదు. టైపు చేయాల్సిన తీరు కావలసినవాళ్లు సభ అయ్యాక అడగండి, రాసిస్తాను. విండోస్ బ్యాచ్ ఫైలులో అయితే సమానం గుర్తు బదులు హ్యాష్ గుర్తు పెట్టాలని మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. చాలామంది అక్కడే ఒక పూట పోగొట్టుకుంటారు.

ఈ దశలోనే ఒక మిత్రుడు ‘పీడీఎఫ్ ప్రింటు చేసేటప్పుడు ఫిట్ అనే బటన్ ఉంటుందిగా, అది నొక్కితే సరిపోయేది కదా’ అన్నారు. సరిపోదు. పీడీఎఫ్ తయారయ్యేటప్పుడే పై వరుస పేజీకి బయట పడిపోయింది. మిగిలినదాన్ని ఎంత ఫిట్ చేసినా తెగిన తల తిరిగి రాదు. ఆ బటన్ అంటే నాకు మొదటినుంచీ పడదు, కారణం ఇప్పుడు చెబుతాను.

సీడీలో మిగిలిన 27 పేజీల్లో 14 ఫొటోల పేజీలు, పటాలు. ఇవి వేరే కంప్యూటరులో చేసినట్టున్నారు. వీటిలో సెట్‌పేజ్‌డివైస్ ఉంది, కానీ అది అడుగుతున్నది లెటర్! పేపర్‌సైజ్ ఏ4 అని ఎంత చెప్పినా ఇవి వినవు. మనం బయటినుంచి చెప్పేది ఫైలు ఏమీ అడగనప్పుడే చెల్లుతుంది. ఫైలు నోరు తెరిచి అడిగితే దాని మాటే నెగ్గుతుంది. అలాంటప్పుడు ఫిక్స్‌డ్‌మీడియా అని ఇంకో మాట కలపాలి. ‘నువ్వేం అడిగినా సరే, ఉన్న కాగితం ఇదే’ అని దానర్థం. అలా చేస్తే బొమ్మ కింది ఎడమ మూలకు చేరి, పైన 50 పాయింట్లు ఖాళీ మిగులుతుంది. కుడిపక్క 17 పాయింట్లు కోతకు పోతాయి. అది వద్దనుకుంటే కాగితానికి సరిపడా కుదించమని అడిగే మాట, పీఎస్‌ఫిట్‌పేజ్, ఇంకొకటి ఉంది. ఫొటోల పేజీలు 13టికి అదే వాడాను. నూటికి మూడు వంతులు తగ్గితే ఫొటోలో ఎవరి ముక్కూ మారదు.

పద్నాలుగోది మన బడి ఆవరణ పటం. డ్రాయింగు మాస్టారు చేత్తో గీసినదాన్ని ఎవరో ఓపికగా కంప్యూటరులో ఎక్కించారు. కింద స్కేలు రాసి ఉంది, 1 సెంటీమీటరుకు 10 మీటర్లని. పాత బావి, గంట వేలాడదీసిన చెట్టు, ఇప్పుడు లేని ఉత్తరపు గోడ, అన్నీ అందులో ఉన్నాయి. ఈ ఏడాది సంఘం తరఫున ఉత్తరపు గోడ కట్టిద్దామని అనుకుంటున్నాం కదా. గోడ ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండేదో అంచనాకు ఈ పటమే ఆధారం. దీన్ని ఫిట్ చేసి ముద్రిస్తే ఏమవుతుంది? 595ను 612తో భాగించండి. నూటికి 97 చిల్లర వస్తుంది. పటంలో 12 సెంటీమీటర్ల గోడ 11.67 సెంటీమీటర్లు అవుతుంది. కింద రాసిన స్కేలు మాత్రం అలాగే ఉంటుంది. 120 మీటర్ల గోడ కాస్తా 117 మీటర్లకు లోపే! మూడు మీటర్ల పైచిలుకు స్థలం ఒక బటన్ నొక్కుడులో పోయింది. అందుకని ఈ ఒక్క పేజీని కుదించలేదు. సిరా ఎంతవరకు ఉందో కొలిపిస్తే కుడిపక్క 571 దగ్గరే ఆగింది, అంటే ఏ4 వెడల్పులో ఇముడుతుంది. ఏ4ను ఖాయం చేసి, పైన మిగిలే 50లో సగం, 25 పాయింట్లు, బొమ్మను పైకి జరిపాను. పరిమాణం వెంట్రుకవాసి మారలేదు. ప్రింటు తీసేటప్పుడు కూడా ఫిట్ తీసేసి, అసలు సైజు అన్నది ఎంచుకోవాలి. ప్రింటు వచ్చాక స్కేలు పెట్టి కొలవాలి. 12 సెంటీమీటర్లు 12 గానే ఉండాలి. తెర మీద చూసి సరే అనుకోవడం పనికిరాదు, తెరకు సెంటీమీటరు తెలియదు.

ప్రకటనల పేజీలు 11. ఇవి ఈపీఎస్ ఫైళ్లు. పోస్ట్‌స్క్రిప్ట్‌కు తోబుట్టువే గానీ స్వభావం వేరు. ఈపీఎస్ అంటే ఇంకో పేజీలో అతికించడానికి చేసిన బొమ్మ. అతికించే బొమ్మ కాగితం అడగకూడదు, అడిగితే పెద్ద పేజీ మొత్తాన్నీ పాడుచేస్తుంది. అందుకని దీనిలో తన హద్దులను బౌండింగ్‌బాక్స్ అనే వ్యాఖ్యలో చెబుతుంది. ఇందాక వ్యాఖ్యను నమ్మొద్దన్నాను, ఇక్కడేమో వ్యాఖ్యే దిక్కు. ఈపీఎస్‌ను మామూలు ఫైలులా మారిస్తే పెద్ద తెల్ల కాగితంలో ఒక మూల చిన్న ప్రకటన కనిపిస్తుంది. బొమ్మ సున్నాకు ఎడమగానో కిందగానో మొదలైతే సగం మాయమవుతుంది. మన కిరాణా కొట్టు ప్రకటన ఒకటి అలాగే సగం వచ్చింది. ఈపీఎస్‌క్రాప్ అని చెబితే ఆ హద్దులనే పేజీగా తీసుకుంటుంది. రెండు ఫైళ్లలో మాత్రం హద్దులు మొదట్లో లేవు, ‘చివర చూడు’ అని రాసి ఉంది. అదీ నియమం ప్రకారమే. హద్దులు గీత అయ్యాకే తెలిసినప్పుడు అలా రాస్తారు. కొన్ని ప్రోగ్రాములు చివరిదాకా చూసే ఓపిక లేక తప్పుతాయి. ఆ వరుసను చివరినుంచి తెచ్చి మొదట్లో పెడితే అవీ దారికొచ్చాయి.

మిగిలిన రెండు పేజీలు పదో తరగతి ఫలితాల పట్టికలు, అడ్డంగా ఉన్నవి. ఏ పేజీ ఎటు తిరగాలో ప్రోగ్రాం దానంతట అదే అక్షరాల దిశను బట్టి ఊహిస్తుంది. పట్టికలో శీర్షికలు నిలువుగా, అంకెలు అడ్డంగా ఉంటే ఊహ తప్పుతుంది. ఊహించవద్దని చెప్పి, చేత్తో తిప్పాను. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు.

అన్నీ అయ్యాక ప్రెస్సు నుంచి ఫోను. ‘పేజీలు ఏ4 కావంటోంది మా సాఫ్ట్‌వేర్’ అని. చూస్తే కొన్ని పేజీలు 595, 842. కచ్చితమైన ఏ4 వెడల్పు 595.276, పొడవు 841.89. పాత ఫైళ్లలో పూర్ణాంకాలే రాసేవారు. ఆ తేడా మిల్లీమీటరులో పదో వంతు, 600 చుక్కల ప్రింటరు మీద రెండు చుక్కలు. కంటికి కనపడదు, కొలిచే యంత్రానికి కనపడుతుంది. ఇలాంటిదానికి పేజీని సాగదీయాల్సిన పని లేదు. కొద్దిపాటి తేడాను మన్నించమని వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోనే చెప్పుకోవచ్చు. అలాగే చెప్పించాను.

ఒక ప్రశ్న ఇప్పటికీ కొందరి మనసులో ఉండొచ్చు. ఇంత తంటా పడేకంటే ఆ వ్యాసాల పాఠాన్ని కాపీ చేసుకుని కొత్తగా పేజీలు కట్టొచ్చు కదా అని. అప్పటి తెలుగు ఫాంట్లు ఇప్పటి యూనికోడ్ కాదు. ఒక్కో కంపెనీ ఒక్కో అమరిక, ‘క’ అక్షరం ఉండాల్సిన చోట లోపల ఏదో ఇంగ్లీషు గుర్తు ఉంటుంది. కాపీ చేస్తే గజిబిజి వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లకు హార్డ్‌వేర్ తాళం ఉండేది, ఆ తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుందో! పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలులో మాత్రం అక్షరాల రూపాలు కూడా లోపలే ఇమిడి ఉన్నాయి. ఆ 25 ఏళ్లనాటి అక్షరాన్ని అదే వంపుతో గీయగలిగేది ఆ ఫైలు ఒక్కటే. అందుకే అది అడిగిన కాగితం దానికి దొరకాలి.

88 పేజీల ప్రూఫులు బయట వరండాలో బల్లల మీద వరసగా పెట్టించాం. పక్కన స్కేళ్లు కూడా ఉన్నాయి. మీ పేజీ చూసుకోండి, పేరులో దీర్ఘం పోయినా, సంవత్సరం తప్పినా పెన్సిలుతో గుర్తు పెట్టండి. 61 వ్యాసాల్లో 58 మందికి పేరు తిరిగి వచ్చింది. మిగిలిన మూడు పేజీలను ఏ3 మీద గీయించినా పైన ఏమీ లేదు, అప్పుడే పేరు పెట్టకుండా వేశారు. ఒకటి వానాకాలంలో బడి వరండా కారడం గురించి, ఒకటి సైన్సు గదిలోని అస్థిపంజరం గురించి, ఒకటి సైకిలు మీద ఏడు మైళ్లు వచ్చి చదువుకున్న ఒకరి గురించి. ఈ మూడూ చివరి బల్ల మీద ఉన్నాయి. రాసినవారు ఈ సభలోనే ఉంటే స్వయంగా చెప్పండి. ఎవరిదో కచ్చితంగా తెలిసినవారు కార్యదర్శిగారికి చెప్పండి. తెలియకపోతే ఖాళీగానే అచ్చు వేద్దాం. ప్రెస్సుకు ఫైళ్లు సోమవారం వెళ్తాయి.